కొళాయి తిప్పి చూసిన మునస్వామి గారు

ఈ ఉదయం బ్లేడుతో పెన్సిలు చెక్కుతుంటే చెక్క వాసన గుప్పుమంది. మా ఇంట్లో ఇప్పుడు పెన్సిలు వాడేది నేనొక్కణ్ణే. నేను రాసుకునే బల్ల మీద ఎప్పుడూ రెండు ఉంటాయి. ఎడమ పక్క పెన్సిలు, కుడి పక్క ఇంకు పెన్ను. ఒకే వ్యాసంలో ఒక వాక్యం దీంతో, ఇంకో వాక్యం దాంతో రాస్తాను. చూసినవాళ్ళు ముసలితనపు చాదస్తం అనుకుంటారు. కాదని నేనూ వాదించను. నిజానికి అది ఒక పెద్దమనిషి నాకు నేర్పిన పద్ధతి. అది నేర్చుకోవడానికి నేను చెల్లించిన ఫీజు నాది కాదు. అది నా చెల్లెలి జీవితంలో ఒక సంవత్సరం.

డెబ్బైల చివర నేను ప్రభుత్వ ఆడిట్ శాఖలో జూనియర్ ఆడిటరుగా చేరాను. విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వం డబ్బిస్తుంది. ఏ పనికి ఇచ్చిందో ఆ పనికే ఖర్చయిందా అని చూడడం మా పని. తిరుపతిలో మాకు ఇచ్చిన గది మెట్ల కింద ఉండేది. నిలబడితే తల తగిలేది. ఆ గదిలోకి వంగి వచ్చి, వంగి వెళ్ళే మనుషులు మా గురించి ఏమనుకునేవాళ్ళో వాళ్ళ ముఖాల్లో కనబడేది. వంగనక్కర లేని మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయనే మా అధికారి మునస్వామి గారు. పొట్టి మనిషి. నగరిలో నేతవాళ్ళ ఇంట పుట్టి, పదిహేనో ఏట దాకా మగ్గం మీద కూర్చుని, తర్వాత చదువుకుని ఉద్యోగంలోకి వచ్చినవాడు. పొట్టి చేతుల తెల్ల చొక్కా, నుదుట మూడు వేళ్ళ విభూది, చేతిలో చిత్రాన్నం డబ్బా. ఆఫీసులో ఆయన కంఠం పెరగడం నేను ఒక్కసారి కూడా వినలేదు.

చేరిన మొదటి రోజే నా ముందు ఒక పెన్సిలు, ఒక పెన్ను పెట్టాడు. "ఏమప్పా, ఇది గుర్తు పెట్టుకో. ఎవురన్నా చెప్తే విన్నావంటే పెన్సిలుతో రాయి. కండ్లతో చూసినావంటే ఇంకుతో రాయి. పెన్సిలుతో రాసింది నా దగ్గరికి తేవద్దు. పోయి చూసి, ఇంకు చేసుకుని తీసుకురా" అన్నాడు.

"బిల్లు ఉంటే సార్? బిల్లు చూస్తే ఇంకేనా?" అని అడిగాను.

"బిల్లు చూస్తే బిల్లు చూసినట్టు. బల్ల చూసినట్టు కాదు గదా. మా తాత చీర కొనేవాని మాదిరి పైన చూసేవాడు కాదు. తిరగేసి చూసేవాడు. పోగు ముడి యాడ పడిందో ఆ పక్కే తెలిసేది" అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు పెద్దగా పట్టలేదు. నాకు ఇరవై మూడేళ్ళు. సాయంత్రమైతే బజారు వీధిలో ఒక బియ్యపు కొట్టు మిద్దె మీద మా చర్చా మండలి కూడేది. పదీ పన్నెండు మందిమి. జాతకాలు, శకునాలు, గ్రహశాంతులు, ఒక్కటి కూడా ఖండించకుండా వదిలేవాళ్ళం కాదు. కొండకు పోయే జనం కిటికీ కింద గోవిందలు కొడుతూ వెళ్తుంటే, పైన మేము అరిచి మాట్లాడేవాళ్ళం. ఆ వయసులో అది ధైర్యమని అనుకున్నాను. ఈ రోజు కూడా అందులో చాలా భాగం ధైర్యమే అంటాను. అలాంటి నాకు రోజంతా ఎదురుగా ఆ విభూది నుదురు. ఒకరోజు ఉండబట్టలేక, "ఇంత తిరగేసి చూసే మీరు, ఆ బూడిదను మాత్రం ఎందుకు తిరగేసి చూడరు సార్?" అనేశాను. ఆయన నవ్వాడు. దాని జవాబు నాకు నాలుగు నెలల తర్వాత దొరికింది.

ఆ సంవత్సరం ప్రభుత్వం బి.ఎడ్. సీట్లు పెంచాలని తీర్మానించింది. జిల్లాలో బడులు పెరిగాయి, ట్రైనింగు అయిన టీచర్లు లేరు. ఆడపిల్లలు మరీ తక్కువ. తిరుపతి నుంచి వడమాలపేట పోయే దారిలో, ఊరికి దూరంగా, విశ్వవిద్యాలయం కింద నడిచే ఒక ట్రైనింగు కాలేజీ ఉండేది. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. అక్కడ ఆడపిల్లల హాస్టలు కట్టడానికి ప్రభుత్వం అంతకు ముందే డబ్బిచ్చింది. హాస్టలు సిద్ధమైతే నలభై సీట్లు అదనం, అన్నీ అమ్మాయిలకే. నెలాఖరులోగా వసతి సిద్ధంగా ఉందని ఆడిట్ చూసి రాయాలి. రాస్తే ఆ ఏటికే సీట్లు. లేకపోతే మరుసటి ఏడు.

మా ఊరు ఐరాలలో మా చెల్లెలు సుశీల బి.ఏ. పాసై, ఆ కాలేజీకే దరఖాస్తు పెట్టుకుని ఉంది. ఉన్న సీట్లలో దానికి రాలేదు. వెయిటింగ్ లిస్టులో పదకొండో పేరు. నలభై పెరిగితే పదకొండో పేరుకు ఢోకా లేదు. ఈ సంగతి నేను మునస్వామి గారికి చెప్పలేదు. దాచాలని దాచలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు అలా చెప్పుకోను.

కట్టడం పూర్తయి ఎనిమిది నెలలైనా హాస్టలుకు తాళం వేసే ఉంది. ఎందుకో మాకు ఒక ఫైలు ద్వారా తెలిసింది. "చిన్న మరమ్మతులు" అనే పేరుతో కాలేజీ అదనంగా డబ్బడిగింది. ఎవరూ కాపురం పెట్టని ఇంటికి మరమ్మతు ఏమిటని మునస్వామి గారు లోపలి కాగితాలు తిప్పాడు. వాకిలి దక్షిణానికి ఉందట. ఎవరో పెద్దాయన చూసి, ఆ గడపలో ఆడపిల్లలు అడుగు పెట్టకూడదన్నాడట. అందుకని తూర్పు గోడ పగలగొట్టి వాకిలి అటు మార్చాలట. ఆ ఫైలు చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పలేను. మిద్దె మీద ఏడాదిగా గాలిలో కత్తి తిప్పుతున్నవాడికి నిజమైన శత్రువు ఎదురైనట్టు అనిపించింది. ఒకరి భయానికి ఖర్చు ఇంకొకరు పెట్టాలి, దాని శిక్ష నలభై మంది ఆడపిల్లలు పడాలి. ఇంతకంటే ఏం కావాలి నాకు?

"నువ్వు పోయి చూసిరాప్పా" అన్నాడు మునస్వామి గారు. "గదులు, కిటికీలు, మంచాలు, నీళ్ళు, మరుగుదొడ్లు. అన్నీ చూడు."

మరునాడు వెళ్ళాను. కాలేజీ ఇంజనీరు గారు గేటు దగ్గరే ఎదురొచ్చి మర్యాద చేశాడు. ఆ దక్షిణపు వాకిట్లోనే నిలబడి ఆయనకూ నాకూ గంటన్నర వాదన జరిగింది. దిక్కు అంటే ఏమిటి, భూమి గుండ్రంగా ఉన్నప్పుడు దక్షిణం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, ఉత్తర ధ్రువంలో ఇల్లు కట్టుకుంటే అన్ని వాకిళ్ళూ దక్షిణానికే కదా, వాళ్ళంతా ఏమైపోవాలి, అని నేను. ఆయన పాపం చివరకు, "నాకేం నమ్మకం లేదప్పా, పైవాళ్ళు చెప్పినారు" అని చేతులెత్తేశాడు. గెలిచిన వేడిలో నేను గదులు చకచకా చూశాను. మంచాలు లెక్కపెట్టాను. టీ వచ్చింది. తాగుతూ, "నీళ్ళ సంగతేమిటండీ?" అని అడిగాను.

"లైను వేసినాం గదా. ఓవర్‌హెడ్ ట్యాంకు కూడా ఉండాది, అదో చూడండి" అన్నాడు.

తలెత్తి చూశాను. ట్యాంకు ఉంది. సిమెంటు ట్యాంకు, కొత్తది. జేబులోంచి పెన్ను తీసి, "నీటి వసతి కలదు" అని రాశాను. ఇంకుతో రాశాను.

నా నోటు ఏడు పేజీలొచ్చింది. ఆరు పేజీలు వాకిలి గురించి. మునస్వామి గారు మొత్తం చదివాడు. ఒకచోట ఆగి నవ్వుకున్నాడు కూడా. ఉత్తర ధ్రువం దగ్గర అనుకుంటాను. చదివి, కాగితాలు బల్ల మీద సర్ది, "ఉపన్యాసం బాగుండాది. కొళాయి తిప్పినావా?" అన్నాడు.

నేను ట్యాంకు ఉందన్నాను. ఆయన మళ్ళీ, "ట్యాంకు ఉండాది, సరే. కొళాయి తిప్పినావా, లేదా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. "రేపు పొద్దున్నే బస్సుకు పోదాం" అన్నాడు.

మేము వెళ్ళేసరికి ఇంజనీరు ఇంకా రాలేదు. గేటు తీసింది వాచ్‌మన్ చెంగయ్య. హాస్టలు మూల గదిలోనే ఆయన కాపురం. భార్య, ముగ్గురు పిల్లలు, కట్టేసిన మేక. చిన్నపిల్ల ఆ గదిలోనే పుట్టిందని మాటల్లో తెలిసింది. నాకు మళ్ళీ ఉత్సాహం వచ్చింది. "చూశారా సార్, ఈ దక్షిణపు వాకిట్లో ఎనిమిది నెలలుగా కాపురం ఉన్నారు, కాన్పు కూడా అయింది. ఏమైంది వీళ్ళకు?" అన్నాను. మునస్వామి గారు నా మాట విననట్టే వరండా చివరి స్నానాల గదికి నడిచాడు. తలుపు తీసి, నన్ను పిలిచి, "తిప్పప్పా" అన్నాడు.

తిప్పాను. కొళాయి బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో పట్టి తిప్పితే కీచుమని తిరిగింది. నీళ్ళు రాలేదు. కొంచెం ఎర్రటి తుప్పు పొడి రాలింది. దాని వెనక ఒక సాలీడు మెల్లగా బయటికి వచ్చి, కొళాయి మూతి మీద కాసేపు నిలబడి, గోడ ఎక్కి వెళ్ళిపోయింది. పక్క గదిలో తిప్పాను. దాని పక్క గదిలో తిప్పాను. పద్నాలుగు కొళాయిలు తిప్పాను. నా అరచేతులు ఎర్రబడ్డాయి.

"ట్యాంకు కట్టినారు సామీ, దానికి గొట్టం తగిలియ్యలేదు" అన్నాడు చెంగయ్య వెనక నుంచి. "రోడ్డు అవతల బాయిలో నుంచి మా ఆడది కడవతో మోస్తాది."

"మరి ఎవరికీ చెప్పలేదా?" అన్నాను.

"ఎవురడిగినారు సామీ? వచ్చినోళ్ళంతా వాకిలి సూసి పోయినోళ్ళే. ఒగాయన బంతిపూలు ఏసి సూసె, ఒగాయన టేపు పెట్టి కొలిసె. మొన్న మీరొచ్చి ఇంజనీరు సారుతో కొట్లాడితిరి. కొళాయి తిప్పినోడు ఒగుడు లేడు." అని, తర్వాత, "కొట్లాట మటుకు బలే ఉన్నింది సామీ" అన్నాడు. అందులో ఎగతాళి ఉందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

తిరుగు బస్సుకు చాలా సేపుంది. రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చుని ఆయన చిత్రాన్నం డబ్బా తెరిచాడు. సగం మూతలో వేసి నా వైపు జరిపాడు. అప్పుడు చెప్పాను, చెల్లెలి పేరు ఆ జాబితాలో ఉందని.

ఆయన నములుతూ ఉన్నాడు. మింగాక, "ఎన్నో పేరు?" అన్నాడు.

"పదకొండు."

"ముందే చెప్పుంటే నిన్ను పంపించుండను. అంతే. ఇప్పుటి నుంచి ఈ ఫైలు నువ్వు ముట్టుకోవద్దు" అన్నాడు. తర్వాత, "కానీ నువ్వు ఇంకుతో రాసింది నేను కొట్టెయ్యకూడదు. నువ్వే కొట్టెయ్యాల. ఆఫీసుకు పోతానే చెయ్" అన్నాడు.

నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. నెలాఖరుకు తొమ్మిది రోజులే ఉంది. రోడ్డుకు అడ్డంగా గొట్టం వేయాలంటే అనుమతికే నెల పడుతుంది. ఆ వాక్యం కొట్టేస్తే నలభై సీట్లు ఆ ఏటికి పోయినట్టే. "సీట్లు వచ్చేస్తే నీళ్ళు ఎలాగూ పెట్టిస్తారు కదా సార్. ముందు అమ్మాయిలు చేరనివ్వండి. ఒక్క వాక్యం కోసం నలభై మంది ఏడాది పోగొట్టుకోవాలా?" అన్నాను. నా గొంతు నాకే చర్చా మండలి గొంతులా వినిపించింది.

ఆయన కల్వర్టు అవతలికి చేయి చూపించాడు. చెంగయ్య భార్య నెత్తిన ఒక కడవ, చంకలో ఒకటి పెట్టుకుని, లారీ పోయేదాకా ఆగి రోడ్డు దాటుతోంది. "ఆమె ఒగ ఇంటికి. ఇంక నలభై మందికి ఎవురు మోస్తారు? నీళ్ళున్నాయని మనం రాసినాక, లేవని ఏ పిల్ల చెప్పినా ఎవురు నమ్ముతారు? మన కాగితం చూపిస్తారు" అన్నాడు. డబ్బా మూత పెట్టి, "వాళ్ళు వాకిలిని నమ్మినారు, నువ్వు ఇంజనీరును నమ్మినావు. తిప్పి చూడకపోవడంలో ఇద్దురూ ఒగటే గదప్పా" అన్నాడు.

నా జీవితంలో నన్ను ఎవరైనా మూఢవిశ్వాసి అన్నది ఆ ఒక్కసారే. అన్నది విభూది పెట్టుకున్న మనిషి.

ఆ మధ్యాహ్నం మెట్ల కింద గదిలో కూర్చుని, "నీటి వసతి కలదు" అన్న వాక్యం మీద అడ్డగీత గీశాను. పక్కన సంతకం పెట్టాను. కింద, "పద్నాలుగు కొళాయిలు తిప్పి చూడడమైనది. నీరు లేదు" అని ఇంకుతో రాశాను. నా ఏడు పేజీల్లో పనికొచ్చిన వాక్యం అదొక్కటే. మిగతా ఆరు పేజీలకు బదులు మునస్వామి గారు రెండు వాక్యాలు రాశాడు. దక్షిణపు వాకిలి పనికిరాదని ఏ ప్రభుత్వ ఉత్తర్వులో ఉందో దాని నంబరు తెలియజేయవలెను. అది తెలిసే వరకు ఆ మొత్తాన్ని నీటి గొట్టాలకు తప్ప వేరే పనికి ఖర్చు చేయరాదు.

కాలేజీ ప్రిన్సిపాలు గారు స్వయంగా మా గదికి వచ్చాడు. వంగి రావలసి వచ్చినందుకే సగం కోపం. "మీరు బిల్లులు చూసుకోవాల్సిన మనుషులు. కొళాయిలతో మీకేం పనండీ?" అన్నాడు.

"బిల్లులో కొళాయి ఉండాది సార్. అందుకని తిప్పినాం" అన్నాడు మునస్వామి గారు.

"మీరు కూడా దైవభక్తులే కదా. ఆ విభూది చూసి నేను మీకు అర్థమవుతుందనుకున్నాను."

"నా నుదురు నాది సార్. ఆ వాకిలి గవర్నమెంటుది" అన్నాడు ఆయన, అదే మెత్తటి గొంతుతో.

నాలుగు నెలల కిందట నేనడిగిన ప్రశ్నకు జవాబు అది. నేను తర్వాత నలభై ఏళ్ళలో మతం గురించీ రాజ్యం గురించీ ఎన్నో వ్యాసాలు రాశాను. అన్నీ కలిపి ఆ రెండు ముక్కల కంటే ఎక్కువ చెప్పాయని అనుకోను. ఆ నుదురుతో నాకు ఈనాటికీ ఏకీభావం లేదు. కానీ తన నమ్మకానికి తన చొక్కా దాటి ఒక్క అంగుళం కూడా చోటివ్వని మనిషితో పేచీ పెట్టుకోవడానికి నాకు కారణమూ దొరకలేదు.

ఆ ఏట సీట్లు రాలేదు. ఆ ఆదివారం ఐరాల వెళ్ళి ఇంట్లో చెప్పాను. నాయన చెరకు తోటలోంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. చెంబు కింద పెట్టి, "నీ ఉద్యోగం ఇంట్లో వాళ్ళకు అడ్డం పడేదానికా రా?" అన్నాడు. ఆ తర్వాత రెండు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. సుశీల గడప మీద కూర్చుని అంతా వింది. "నీళ్ళు నిజంగానే రావా, అన్నా?" అని అడిగింది.

"రావు. నేనే తిప్పి చూసినా."

"అట్లయితే నేను ఆడ చేరి చేసేది కడవలు మోసే ట్రైనింగేనా?" అంది. నవ్వబోయి, లేచి లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఆ ఏడాదంతా బెల్లం గానుగల దగ్గర పనిచేసేవాళ్ళ పిల్లలకు పలకలు పట్టించి అక్షరాలు నేర్పింది. అది వృథా కాలేదని తర్వాత తనే అంటుండేది. నాకు ఓదార్పు కోసం అంటుందో, నిజంగానే అంటుందో, పెన్సిలుతో రాయాల్సిన విషయం అది.

మరుసటి ఏట గొట్టాలు పడ్డాయి. ఉత్తర్వు నంబరు మాత్రం కాలేజీ నుంచి ఎన్నడూ రాలేదు. వాకిలి దక్షిణానికే ఉండిపోయింది. సీట్లు పెరిగాయి. సుశీల తన మార్కులతో తానే చేరింది. ఆ జాబితా ఉన్న ఫైలు మా గదికి వచ్చినప్పుడు మునస్వామి గారు నన్ను టీకి పంపించేశాడు. హాస్టల్లో మొదటి బ్యాచి అమ్మాయిల్లో సుశీల ఒకతె. ముప్పై రెండేళ్ళు టీచరుగా పనిచేసి రిటైరైంది. వాకిలి సంగతి ఎప్పుడడిగినా, "నాకు గుర్తే లేదు. నీళ్ళు మాత్రం బాగా వస్తా ఉన్నింది" అంటుంది.

ఎనభైల మధ్యలో ఆయన రిటైరై నగరి వెళ్ళిపోయాడు. నేనూ ఉద్యోగం మానేసి రాతలో పడ్డాను. నా మొదటి వ్యాసాల పుస్తకం అచ్చయినప్పుడు తీసుకెళ్ళి ఇచ్చాను. ఇంటికి రెండు పక్కలా మరమగ్గాల చప్పుడు. ఆ చప్పుడులో ఆయన మెత్తటి గొంతు వినాలంటే చెవి దగ్గర పెట్టాలి. నెల తర్వాత పుస్తకం పోస్టులో తిరిగొచ్చింది. పొగడ్త లేదు, తెగడ్త లేదు. పన్నెండు చోట్ల అంచులో పెన్సిలుతో ఒకే మాట ఉంది. "చూసినావా?"

పన్నెండింటిలో తొమ్మిది నేను చూడనివే. రెండో ముద్రణలో ఆ తొమ్మిదీ తీసేశాను. పుస్తకం పలచబడింది. దాన్ని కాదనడం మాత్రం నా ప్రత్యర్థులకు కష్టమైంది.

ఆయన పోయినప్పుడు నేను ఊళ్ళో లేను. చివరి వారం మంచం మీద ఉండి కూడా, మందు సీసా చేతికిస్తే చీటీ చదివి, మూత తీయించి చూసి గానీ తాగలేదని ఆయన కొడుకు చెప్పాడు. నాకు నచ్చిన మాట. నమ్మాలనిపించే మాట. నా కాగితం మీద ఆ వాక్యం పెన్సిలుతోనే ఉంది. అచ్చులో ఆ తేడా తెలియదు గనుక చెబుతున్నాను, అది నేను విన్నది. మిగిలినదాంట్లో నేను చూసిందంతా ఇంకుతో రాసిందే. ఆ పద్నాలుగు కొళాయిలూ నేనే తిప్పాను.